దుబాసి ఎవరని అడిగే మా సారు

పోయిన నెల సంత రోజున, తెలుగు రాష్ట్రాల సరిహద్దు దాటగానే వచ్చే కొంటాలో మా అన్న కొట్టు ముందు జీపు కోసం నిలబడి ఉంటే సారు భార్య ఫోన్ చేశారు. "మీ సారు పోయిండమ్మా. పొద్దున చాయ్ తాగిండు, పేపర్ అడిగిండు, అంతే," అన్నారు. నాకు ముందు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. పది రోజుల్లో మా పంచాయతీలో గ్రామసభ పెట్టుకుని ఈయన ఇప్పుడు పోవడమేంటి అనుకున్నాను. అంత స్వార్థం నాది. మీ దగ్గర దాచడమెందుకు.

సారు మాకు పదకొండో క్లాసులో చరిత్ర చెప్పారు. పరీక్ష హిందీలో కాబట్టి పాఠం ముందు హిందీలో, తర్వాత మాలాంటి కొట్లవాళ్ళ పిల్లలకి తెలుగులో, ఆ తర్వాత అడవి లోపలి ఊళ్ళ నుంచి వచ్చి హాస్టల్లో ఉండేవాళ్ళకి వాళ్ళ ఇంటి భాష దోర్లీలో. ఒకే పాఠం మూడుసార్లు. మూడోసారికి మేం గొణుక్కునేవాళ్ళం. నాకు ఇవాళ దోర్లీ వచ్చిందంటే అలా విసుక్కుంటూ విన్నందుకే.

అమెరికా పాఠం వస్తే మనిషే మారిపోయేవారు. ఓడల్లో తెల్లవాళ్ళు దిగడం, చలికి ఆకలికి చచ్చిపోతుంటే అక్కడివాళ్ళు మొక్కజొన్న ఇచ్చి బతికించడం, తర్వాత భూమి కోసం ఒప్పందాల మీద ఒప్పందాలు. అక్కడి పెద్దలకి ఇంగ్లీషు రాదు. సంతకం పెట్టమంటే ఎలుగుబంటి బొమ్మో తాబేలు బొమ్మో గీసేవాళ్ళట. కొన్నాళ్ళకి ఆ తెల్లవాళ్ళే తమ రాజుని కాదని, మనుషులంతా సమానమని ఒక కాగితం రాసుకుని కొత్త దేశం పెట్టుకున్నారు. అదే కాగితంలో ఆ అడవులవాళ్ళని అనాగరికులన్నారు. కొత్త దేశమూ ఒప్పందాలు రాస్తూనే పోయింది, వాళ్ళ భూమి పోతూనే ఉంది.

మేం తేదీలు రాసుకుంటుంటే సారు డస్టర్‌తో బల్ల మీద కొట్టేవారు. "తేదీ తర్వాత. దుబాసి ఎవడు? ఈ భాషల మాట ఆ భాషల చెప్పినోడు ఎవడు? ఏం చెప్పిండు, ఏం దాచిండు?" మాకేం తెలుసు, పుస్తకంలో ఉంటే కదా. ఆయన వెనకాల దుబాసి సారు అని నవ్వుకునేవాళ్ళం.

డిగ్రీ అయ్యాక నేను పంచాయతీ సచివ్‌గా చేరాను. సభలు పెట్టించడం, రిజిస్టర్లు రాయడం నా పని. మొన్న చలికాలంలో మా పంచాయతీలోని ఒక ఊరి గుట్టని, దాని కింది పొలాల్ని రాయి క్వారీకి ఇవ్వాలని పైనుంచి కాగితం వచ్చింది. ఆ ఊరి తాగునీళ్ళు గుట్ట వెనక వాగువే. ఊరు ఒప్పుకుంటేనే ఇవ్వాలి. కాగితమేమో హిందీలో ఉంది, ఊళ్ళో పెద్దవాళ్ళకి హిందీ అంతంత మాత్రం. సారు వచ్చి రెండు మాటలు చెబితే నమ్ముతారని ఆయన ఇంటికి వెళ్ళాను. అప్పటికే రిటైరై చాలా ఏళ్ళయింది, గుండె కూడా బాగా లేదు.

అంతా విని ఒక్కటే అడిగారు, వేలిముద్రలు ఎప్పుడు వేయిస్తావని. రాగానే అన్నాను. మా దగ్గర అలవాటు అది. జనం దూరం నుంచి నడిచి వస్తారు, మధ్యలో లేచిపోతారు. అందుకని రాగానే హాజరుకి వేలిముద్ర వేయించుకుని, పైన సగం పేజీ ఖాళీ ఉంచి, సభ అయ్యాక తీర్మానం అందులో రాసేస్తాం. నా ముందు సచివ్ అలాగే చేశాడు, నేనూ అంతే. ఇందులో తప్పేముందో నాకు నిజంగా తోచలేదు.

సారు చేతిలో పేపర్ మడిచి పక్కన పెట్టారు. తర్వాత చెప్పారు. ఆయన కొత్తగా ఉద్యోగంలో చేరినప్పుడు, మూడు భాషలు వచ్చు కదా అని ఒక ఊరి సభకి తీసుకెళ్ళారట. వచ్చినట్టు గుర్తుకి వేలు పెట్టండి అని దోర్లీలో చెప్పింది ఆయనే. అందరూ పెట్టారు. ఊరు భూమి ఇవ్వడానికి ఒప్పుకుందని పైన ఖాళీలో తర్వాత ఎవరో రాశారు. మిషన్లు దిగాక గాని ఆయనకి తెలియలేదు. ఆ ఊరి పెద్ద ఒకాయన బడిదాకా నడిచొచ్చి, కిటికీ దగ్గర నిలబడి, మేం ఏం చెప్పినమని రాసిన్రు సారూ అని అడిగాడట.

"అమ్మాయ్, అప్పటిసంది ఆ అమెరికా పాఠం చెప్తనే ఉన్న," అన్నారు సారు. నా వైపు చూడలేదు.

సభ ఆ ఊరి స్కూలు వరండాలో పెట్టాం. రోడ్డు మీద జవాన్లు తుపాకులతో నిలబడ్డారు, మాది నక్సలైట్ల ప్రాంతం కాబట్టి అది రోజూ ఉండేదే. పైనుంచి వచ్చిన అధికారి కుర్చీలో కూచుని, వేలిముద్రలు మొదలెట్టమని, అంగూఠా షురూ కరో అన్నాడు. నేను ఇంకు ప్యాడ్ తెరిచాను. సారు చెప్పిందంతా విని కూడా, ఉద్యోగం గుర్తొచ్చి తెరిచాను. జనం మధ్య నేల మీద కూచున్న సారు కర్ర ఆనించుకుని లేచారు. తను చేసిందంతా, ఆ ఊరి పేరుతో సహా, దోర్లీలో చెప్పారు. కూచోండి మాస్టర్‌జీ అని అధికారి రెండుసార్లు అన్నాడు. ఒక జవాను వరండా మెట్టుదాకా వచ్చి ఆగాడు. ఎవరూ కదల్లేదు. అప్పుడు సారు నా వైపు తిరిగి తెలుగులో అన్నారు.

"ఇయ్యాల దుబాసివి నువ్వు. నేను కాదు."

ప్యాడ్ మూసేశాను. కాగితం మొత్తం చదివి వినిపించాకే వేలిముద్రలు అన్నాను. అధికారి సభ వాయిదా వేసి ఫైలు పట్టుకుని వెళ్ళిపోయాడు. వారం తిరక్కుండా నాకు షోకాజ్ నోటీసు వచ్చింది. ఏడుస్తూ తీసుకెళ్ళి చూపిస్తే సారు ఎర్ర పెన్ను తీసి అందులో హిందీ తప్పులు దిద్ది ఇచ్చారు. అంత భయంలోనూ నవ్వొచ్చింది. ఆయనలాంటి మనిషి వెనకాల ఉంటే ఎంత ధైర్యమో మీకెలా చెప్పను.

తను పోతే ఆ భూమి పోయిన ఊరికి కబురు పెట్టమని సారు చెప్పి ఉంచారట. పెట్టాం. ఎవరూ రాలేదు. మూడో రోజు నేనే వెళ్ళాను. అప్పుడు బడికొచ్చి అడిగిన పెద్దాయన ఎప్పుడో పోయాడు, ఆయన కూతురుంది. ఆమే ఇప్పుడు ముసలావిడ. చేసింది నేనే అని సారు ఏటా వచ్చి ఊరి మధ్యలో నిలబడి చెప్పేవారట, పుట్టిన పిల్లలకి కూడా తెలియాలని. "మేం మంచినీళ్ళు కూడా ఇయ్యలే బిడ్డా," అంది. అలా అన్నందుకు ఆమెకి బాధేమీ లేదు. నేనూ తప్పుపట్టలేదు. తర్వాత, మీ సభ ఎప్పుడని అడిగింది.

వాయిదా పడ్డ ఆ సభ మొన్న జరిగింది. అదే వరండా, అదే అధికారి, జవాన్లు ఈసారి ఎక్కువ. ముసలావిడ తన ఊరివాళ్ళు ఆరుగురితో వచ్చి ముందు వరసలో కూచుంది. నేను ఒక్కో వరస కింద వేలు పెట్టి హిందీలో చదివి, దోర్లీలో చెబుతూ పోయాను. వాగు దగ్గరికి పోయే దారి మూసేస్తారని రాసిన చోటికి వచ్చేసరికి అధికారి గొంతు సవరించుకున్నాడు. కళ్ళెత్తితే నన్నే చూస్తున్నాడు. సారు లేరు. భయమేసింది. ఆ వరస చదవకుండానే వేలు కింది వరసకి జరిపేశాను.

"బిడ్డా," అంది ముసలావిడ. ఆమెకి ఏ భాషలోనూ అక్షరం రాదు. "ఆ వరస మీద నీ వేలు ఆగలే."

వేలు వెనక్కి తెచ్చి ఆ వరస కింద పెట్టాను. వరండా మొత్తం, అధికారితో సహా, దానివైపే చూస్తోంది. పెద్దగా చదవడం మొదలుపెట్టాను.