పడవ మ్యూజిక్ ఆగదు, గ్రేస్ అక్కా

నిన్న పొద్దున డేవిడ్ ఫోన్ చేసి "అక్క పోయిందన్నా" అన్నాడు.

ఏ అక్క అని అడిగాను. తెలిసే అడిగాను.

సర్దుతున్న వల అక్కడే ఇసుకలో వదిలేసి బయలుదేరాను. ఆపరేషన్ బాగానే అయింది, రేపోమాపో ఇంటికి పంపిస్తారు అనుకుంటున్నాం. గుండె ఆగిపోయిందట.

తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. కోవూరులో బ్లౌజులు కుట్టే గ్రేస్ అక్క, చర్చిలో కీబోర్డు వాయించే గ్రేస్ అక్క, మా "ఏడలల కోట" ఫ్యాన్స్ గ్రూప్ అడ్మిన్ గ్రేస్ అక్క, ముగ్గురూ ఒకరే. డేవిడ్ ఆవిడ తమ్ముడు.

అవును, ఆ ఫ్లాప్ ఫాంటసీ సినిమాయే. రెండో వారానికే ఎత్తేశారు. నవ్వుకునేవాళ్లు నవ్వుకోండి, మాకు అలవాటే.

అక్కని మొదటిసారి చూసింది నెల్లూరులో, ఆ సినిమా ఆడిన హాల్లోనే. ఇంటర్వెల్‌లో ఎవడో "గ్రాఫిక్స్ బొమ్మలాట లాగుండాది" అని ఇకిలించాడు. ముందు వరసలోంచి ఒకావిడ లేచి "నీకు చెవులుండాయా లేవా?" అని అడిగింది.

హాల్లో ఉన్నదే పదిమందిమి. సినిమా అయ్యేసరికి అందరం ఆవిడ గ్రూప్‌లో ఉన్నాం.

నేను హీరో ఫ్యాన్‌ని. అక్క మ్యూజిక్ ఫ్యాన్. ఇక చూడండి కొట్లాటలు.

అన్నిటికంటే పెద్ద కొట్లాట పడవ సీన్ మీద. కోట మునిగిపోతుంటే రాణి ఒంటరిగా పడవెక్కి వెళ్లిపోతుంది. డైలాగ్ లేదు. ఒక్క వయొలిన్, వెనకాల చిన్నగా డప్పు. అంతే.

నేను ఊరుకోలేక గ్రూప్‌లో పెట్టాను. "అంత లోతు లేని నీళ్లల్లో తెడ్డు ఎవురేస్తారక్కా? గడతో నెడతారు. మా పులికాట్‌లో చూస్తే నవ్వుతారు."

అక్క దగ్గర్నుంచి వాయిస్ మెసేజ్ వచ్చింది. ఆవిడ మెసేజ్‌లలో ఎప్పుడూ వెనకాల కుట్టుమిషన్ చప్పుడు ఉంటుంది. కోపం వస్తే మిషన్ ఆగుతుంది. ఆ రోజు ఆగింది.

"అబ్బయ్యా, నీ గడ పక్కనపెట్టి కళ్లు మూసుకో. ఆ అమ్మాయి ఏడవలా, చూసినావా? ఆమె బదులు వయొలిన్ ఏడస్తా ఉండాది. అందుకే ఆమె తల ఎత్తుకోని కూర్చోగలిగింది. మీ హీరో అయితే రెండు చేతులూ చాపి అరుస్తాడు."

కళ్లు మూసుకుని విన్నాను. ఆవిడ చెప్పింది నిజమే. ఒప్పుకోలేదనుకోండి.

ఇప్పుడు అసలు సంగతి.

వాళ్ల చర్చిలో కానుకలు పట్టేటప్పుడు కీబోర్డు మీద మెల్లగా ఏదో ఒకటి వాయించడం పద్ధతి. ఒక ఆదివారం అక్క చేతులు వాటంతటవే పడవ మ్యూజిక్‌లోకి వెళ్లిపోయాయి. ఇవాళ చీవాట్లు ఖాయం అనుకుంది.

ఆరాధన అయ్యాక సంఘ పెద్ద వచ్చి "ఎంత మంచి కీర్తనమ్మా! కొత్తదా? వచ్చే వారం గూడా వాయించు" అన్నాడట.

ఆ సంగతి గ్రూప్‌లో చెబుతూ అక్క నవ్వి నవ్వి దగ్గింది. అప్పటినుంచి ప్రతి ఆదివారం వాళ్ల కానుకల సంచి తిరిగింది మా ఫ్లాప్ సినిమా మ్యూజిక్‌తోనే.

ఆ పెద్దాయన భార్య చనిపోయినప్పుడు "కానుకల పాట వాయించమ్మా, ఆమెకి ఇష్టం" అని ఆయనే అడిగాడు. ఆ రోజు అక్క నవ్వలేదు. "ఆయన ఏడిచినాడురా" అని మాత్రం చెప్పింది.

ఆస్పత్రి నుంచి మొన్న పంపిన ఆఖరి వాయిస్ మెసేజ్ ఇది. "నన్ను సమాధుల తోటకి తీసుకపోయేటప్పుడు బ్యాండోళ్ల చేత పడవ మ్యూజిక్ వాయించండి. హీరో ఎంట్రీ మాత్రం వాయించబాకండి, లేచొస్తా."

ఇవేం మాటలక్కా అని తిట్టాను. రిప్లయ్ రాలేదు.

నిన్న సాయంత్రం వాళ్లింట్లో డేవిడ్ ఈ కోరిక బయటపెట్టాడు. అదే సంఘ పెద్ద "సమాధి కార్యక్రమంలో సినిమా పాటలేంది? కుదరదు" అన్నాడు.

పక్కనున్న ఒకావిడ "పాపం, పెళ్లీ పెటాకులూ లేకుండా సినిమా పిచ్చిలో పడిపోయింది" అని నిట్టూర్చింది.

నాకు ఒళ్లు మండింది. పాపం ఏంటి? తన సంపాదన తను తిని, తనకి నచ్చినదాని కోసం ఊరంతటితో కొట్లాడి బతికిన మనిషి. ఆ అదృష్టం ఎంతమందికుంది?

ఫోన్ తీసి పడవ మ్యూజిక్ పెట్టాను. సౌండ్ ఫుల్.

"కానుకల పాట గదా ఇది" అన్నారు ఎవరో.

"కాదు, ఏడలల కోటలో పడవ సీన్‌ది" అన్నాను.

పాస్టర్ గారు తల దించుకున్నారు, నవ్వు దాచుకోవడానికే అని నా అనుమానం. పెద్దాయన మాత్రం అక్క పెట్టె వైపే చూస్తూ నిలబడ్డాడు.

"నా భార్యకి వాయించింది ఇదేనా?"

"ఇదే పెద్దాయనా."

కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "సరే, కానీండి. కాకపోతే మెల్లగా వాయించమనండి. ఊరోళ్లు వింటారు."

నిన్న మీ మీద గౌరవంతో ఊరుకున్నాను. ఇప్పుడు చెబుతున్నాను పెద్దాయనా, మెల్లగా వాయించరు. ఊరోళ్లు వినాలి. ఆ సినిమాని చూసి నవ్వినవాళ్లు వినాలి. పాపం అన్నావిడ కిటికీలు మూసుకున్నా వినాలి. బ్యాండ్ మాస్టర్‌కి పొద్దున్నే పాట పంపించాను, నేర్చుకుంటున్నారు.

ఈ రోజు మధ్యాహ్నం మూడింటికి అక్క ఇంటి దగ్గర్నుంచి బయలుదేరతాం. గ్రూప్‌లో ఉన్నవాళ్లంతా రండి. హీరో ఫ్యాన్స్ కూడా. ఈ ఒక్కరోజుకి మనం ఓడిపోయాం, ఒప్పుకుందాం.

అక్కా, పడవ వచ్చింది. తల ఎత్తుకోని కూర్చో. ఏడుపు సంగతి మేం చూసుకుంటాం.

నీ ప్రభువు దగ్గర ప్రశాంతంగా ఉండు.