పుట్టుకలోనే ఉందన్న మాట

కొన్నేళ్లుగా ఒక మాటను మోస్తున్నాను. నేనే అన్న మాట. దాన్ని అబద్ధం అనడానికి కూడా చాలాకాలం నోరు రాలేదు. తొందరపాటు అంచనా అని నాకు నేనే సర్ది చెప్పుకునేవాణ్ణి. మా వృత్తిలో ఇలాంటి మెత్తటి పేర్లకు కొదవ లేదు. మీరు నన్నెరగరు కాబట్టి మీతో చెప్పడం సులువు. పేరు మాత్రం అడక్కండి.

నేను చెట్ల తెగుళ్ల మీద పరిశోధన చేస్తాను. అడవి చెట్లను పంటలాగా పొలాల్లో వరుసలుగా పెంచుతారు కదా, వాటికి పట్టే శిలీంధ్రాలు, అంటే బూజు జాతి తెగుళ్లు, నా చదువు. ప్రొద్దుటూరులో ఉంటాను. ఆ మాట అన్న ఏడాది ముద్దనూరు వైపు ఒక మలబారు వేప తోటలో బెరడు పగిలి, నల్లటి జిగురు కారుతూ, చెట్లు కొసల నుంచి ఎండిపోతున్నాయి. పొద్దున అక్కడ జబ్బు చెట్ల బెరడు కోసుకున్నాను. పోల్చి చూడటానికి మంచి చెట్ల బెరడు కూడా కావాలి. అందుకని మధ్యాహ్నం వేంపల్లె దగ్గర ఓబులేసు అనే రైతు తోటకు పోయాను.

ఒక చెట్టును కోశాక ఇంకో చెట్టును ముట్టే ముందు కత్తిని స్పిరిట్‌తో తుడిచి మంటకు చూపించాలి. ఈ సంగతి నేను విద్యార్థులకు పాఠంగా చెబుతాను. ఆ రోజు స్పిరిట్ సీసా ముద్దనూరు తోటలోనే మరిచిపోయాను. పులివెందులకు పోతే దొరికేది. ఎండ మండిపోతోంది, ఆకలేస్తోంది. కత్తిని జేబురుమాలుతో తుడిచి, కోశాను. కోసిన చెట్లకు గుర్తుగా సున్నం చుక్క పెట్టాను. ఇంత చిన్నదాన్ని నేరమంటారా? నేనైతే అనను. నేరం తర్వాత జరిగింది.

వానలు పడ్డాక ఓబులేసు ఫోన్ చేశాడు. పోయి చూస్తే అదే పగులు, అదే జిగురు. సున్నం చుక్కలున్న చెట్లకే మొదలై, వాటి పక్క చెట్లకు పాకుతోంది. గాలికి వచ్చి ఉండొచ్చు కదా అని నిలబడి శానాసేపు ఆలోచించాను. గాలి సున్నం చుక్కలు చూసుకుని వాలదు. చుట్టుపట్ల ఎక్కడా లేని జబ్బు తన తోటకే ఎట్లా వచ్చిందని ఓబులేసు అడిగాడు. అతను చుక్కల వంక చూడటం లేదు, నా ముఖం వంక చూస్తున్నాడు. మొక్కలు ఎక్కడ కొన్నావని అడిగాను. జమ్మలమడుగులో సుగుణమ్మ నర్సరీలో అన్నాడు. అయితే తెగులు పుట్టుకలోనే ఉండి ఉంటుంది అన్నాను.

అంత సులువుగా ఎట్లా వచ్చింది ఆ మాట? నర్సరీ మొక్కల్లో తెగులు దాగి ఉండటం శాస్త్రంలో ఉన్నదే కాబట్టి ఎవరూ నన్ను తప్పు పట్టలేరని, ఆలోచించకుండానే నాకు తెలిసిపోయి ఉండాలి. పద్ధతి ప్రకారం ఆ నర్సరీ నుంచి కొన్ని మొక్కలు తెప్పించి, కాండం ముక్కలు గాజు పళ్లేలలో పెట్టి చూశాను. ఎన్ని రోజులున్నా ఏ బూజూ మొలవలేదు. మొక్కలు శుభ్రంగా ఉన్నాయి. పళ్లేలు కడిగి పెట్టేశాను. ఎవరికీ చెప్పలేదు.

అప్పటికి నా మాట జమ్మలమడుగు చేరింది. సుగుణమ్మ వాళ్లు పాత మిషన్ కాలం నుంచి క్రైస్తవులు. ఆమె ముత్తాతలు ఏ వాడ నుంచి పోయి బాప్తిస్మం తీసుకున్నారో ఊళ్లో ఎవరూ మరిచిపోలేదు. భర్త పోయాక ఆ నర్సరీ ఆమె ఒక్కతే నడుపుకుంటోంది. నా మాట ఎరువుల అంగడి దాటి టీ బంకు దగ్గరికి వచ్చేసరికి అందులోంచి మొక్కలు జారిపోయాయి. వాళ్ల పుట్టుకలోనే ఉందంట, సారే చెప్పినాడంట అని జనం నవ్వుకుంటున్నారని మా డ్రైవరు నాతో నవ్వుతూనే చెప్పాడు. నేనూ నవ్వానా? నవ్వలేదనే అనుకుంటాను. అట్లా కాదని మాత్రం అనలేదు.

ఒకరోజు ఆమె నా ఆఫీసుకు వచ్చింది. కూర్చోమంటే కూర్చోలేదు.

"ఒక మాట అడగల్ల సార్. పుట్టుకలోనే ఉందని మీరన్నది యా పుట్టుక గురించి?"

"మొక్కల గురించేనమ్మా."

"మా గురించి గాదు గదా?"

"అదేం మాట. మొక్కల గురించే."

ఆమె ముఖంలో బిగువు తగ్గింది. "అంతే సాలు సార్. ఊర్లో ఏందేందో అంటాండారు. మొక్కల్లో ఉంటే పీకేస్తా. ఇంగొకరి తోట చెడగొట్టి నేను బాగుపడేదేముండాది?"

దండం పెట్టి వెళ్లిపోయింది. ఆమె వచ్చింది తన మనుషుల మీద పడ్డ మాట కడుక్కోవడానికి. మొక్కల మీద పడ్డ మాటను ఆమె అనుమానించనే లేదు, అది చదువుకున్నవాడు చెప్పింది కాబట్టి. బయట కుళాయి దగ్గర ఆగి నీళ్లు తాగింది. కిటికీలోంచి కనిపిస్తూనే ఉంది. పిలిస్తే వినపడేంత దూరం. పిలిస్తే నా ఉద్యోగం పోయేదా? పోదు. మహా అయితే పరువు పోయేది. నేను కుర్చీలోంచి లేవలేదు.

మలబారు వేప మొక్కలే కాదు, ఎవరికీ అనుమానం ఉండకూడదని టేకు, శ్రీగంధం కూడా పీకి కుప్ప పోసి కాల్చేసిందని తర్వాత తెలిసింది. ఇప్పుడు ఆ స్థలంలో ఎవరిదో కార్లు కడిగే షెడ్డు ఉంది. ఆమె ప్రొద్దుటూరులో ఒక బట్టల అంగట్లో చీరలు మడత పెడుతుంది. మొన్న మా ఆవిడతో అక్కడికి పోతే నన్ను గుర్తుపట్టి, అంగడి సేఠుకు పరిచయం చేసింది. ఉన్నది ఉన్నట్టు ముఖాన చెప్పే మనిషని నా గురించి చెప్పింది. ఆయన కాఫీ తెప్పించాడు. సిగ్గుతో చచ్చిపోయాను, కానీ తాగాను.

ఇది ఆమె చదువుతుందని నమ్మకం లేదు. తీసుకుపోయి చేతికిచ్చే ధైర్యం ఇప్పటికీ లేదు. క్షమించమని మిమ్మల్ని అడిగి ప్రయోజనమూ లేదు, నష్టపోయింది మీరు కాదు. ఆ రోజు కిటికీలోంచి అనాల్సిన మాట ఎక్కడో ఒకచోట ఉంటే చాలనిపించింది. రాస్తుంటే ఊపిరి కొంచెం సాఫీగా ఆడుతోంది.

సుగుణమ్మా, మీ మొక్కల్లో ఏ తెగులూ లేదు. తెచ్చింది నేను.