మురుకుల డబ్బాలో యూరప్ ఓట్లు

యూరప్ పార్లమెంటు ఎన్నికలు ఒకసారి నేనే జరిపించాను. ఈ మాట చాలా ఏళ్ళుగా చాలామందికి చెప్పాను, నమ్మినవాళ్ళూ ఉన్నారు. అసలు జరిగింది ఇంతే: మా ఆవిడ మురుకులు పోసుకునే రేకు డబ్బా మూతకు చీలిక కోయించి, దాన్ని చంకలో పెట్టుకుని మా ఊళ్ళో మూడు రోజులు తిరిగాను. నా పక్కన యూరప్‌లోని ఒక చిన్న దేశం నుంచి వచ్చిన పిల్ల నడిచింది. ఇరవై అయిదేళ్ళుంటాయేమో. పరిశోధన చేసే పిల్ల. బళ్ళారి కాలేజీలో ఎవరో నా పేరు చెప్పి పంపారు.

నాకు అయిదు భాషలు వచ్చని ఆమెతో అన్నాను. తెలుగు, కన్నడం వచ్చు. ఉర్దూ సంతలో బేరమాడేంత వచ్చు. ఇంగ్లీషు ఆఫీసు ఫైళ్ళలో ఉండేంత వచ్చు. అయిదోది ఏదో నాకూ తెలియదు. తాలూకా ఆఫీసులో పనిచేసి రిటైరయ్యానని కూడా చెప్పాను. తహసీల్దారునై ఉంటానని ఆమె అనుకుంది. నేను కాదనలేదు. గుమాస్తాని.

అవి గనుల జోరు నడుస్తున్న రోజులు. కుడతిని దాటి కాస్త లోపలికి వస్తే మా ఊరు. మెయిన్ రోడ్డు మీద రాత్రీ పగలూ ఖనిజం లారీలే. వేపచెట్ల ఆకులు ఎర్రగా ఉండేవి, ఉతికి ఆరేసిన పంచెలు ఎర్రగా ఉండేవి, దగ్గితే ఉమ్ము కూడా ఎర్రగానే ఉండేది. సేద్యం చేసుకునే కుటుంబాలు ఎద్దులమ్మి టిప్పర్లు కొన్నాయి. కూలికి పోయే కుటుంబాల్లో మగవాళ్ళు ఆ టిప్పర్లకు డ్రైవర్లయ్యారు. తిట్టుకుంటూనే అందరం ఆ ఎర్రమట్టి మీదే బతికాం.

ఆ పిల్ల చదువుతున్న విషయం నాకు మొదట తలకెక్కలేదు. రెండోసారి చెప్పించుకున్నాను. వాళ్ళ దగ్గర ఒక్కో దేశం తన మనుషుల్ని ఎన్నుకుని ఆ పెద్ద పార్లమెంటుకు పంపుతుందట. అక్కడికి పోయాక వాళ్ళు దేశాలవారీగా కూర్చోరట. ఏ దేశం వాళ్ళయినా ఒకే రకం ఆలోచన ఉన్నవాళ్ళు ఒక జట్టుగా కూర్చుంటారట. ఓటేసేవాడి చేతిలో కాగితం మీద మాత్రం వాళ్ళ దేశం పార్టీ పేరే ఉంటుంది. తన ఓటు ఏ జట్టుకు పోయి చేరుతుందో సగంమందికి తెలియదట. సొంత సర్కారు మీద కోపంతో ఆ ఓటేసేవాళ్ళు కొందరు, అసలు పోలింగ్ బూతు దాకా పోనివాళ్ళు ఇంకెందరో. అది విని నాకు ధైర్యం వచ్చింది. మనకంటే గొప్పగా ఏం లేదన్నమాట.

ఆమెకు కావలసింది ఒకటే. పార్టీ పేరు, నాయకుడి మొహం, కులం, దేశం అన్నీ తీసేసి, ఏ జట్టు ఏమంటుందో అంతే చెప్పి ఓటేయమంటే మనిషి దేన్ని ఎంచుకుంటాడు? వాళ్ళ దేశంలో అడిగి చూసింది. ఇక్కడ కూడా అడగాలనుకుంది. అయిదు రంగుల చీటీలు తెచ్చింది. ఎర్రది కూలీల కష్టం, పింఛను. నీలం పాత కట్టుబాటు, సేద్యం, సంసారం. నారింజ వ్యాపారానికి అడ్డు లేకుండా చూడటం. బూడిదరంగు మన దేశం మనవాళ్ళకే. ఆకుపచ్చ అన్నిటికంటే ముందు గాలి, నీళ్ళు, కొండలు. వాటికి చేటయితే పని ఆపేసైనా సరే. నచ్చిన చీటీ ఒకటి మడిచి డబ్బాలో వేయాలి, తక్కిన నాలుగూ ఇంకో సంచిలో వేసేయాలి. పేరు రాయకూడదు. ఎవరు ఏది వేశారో మనం చూడకూడదని ఆమె నాకు ఒకటికి రెండుసార్లు చెప్పింది. నేను గంభీరంగా తలూపాను.

మా ఊరి జనం ఆ ఎన్నికని బాగానే పట్టించుకున్నారు. బూడిదరంగు చీటీ గురించి చెప్పగానే ఒక ముసలి రైతు ఆలోచనలో పడ్డాడు. మనం తాతలనాటి నుంచి ఈడ ఉండే తెలుగోళ్ళం, రాజ్యమేమో కన్నడం, ఈ జట్టు గెలిస్తే మనల్ని లోపలోళ్ళు అంటారా బయటోళ్ళు అంటారా అని అడిగాడు. మొహం చూడకుండా ఓటెట్లా వేసేదని ఒకామె గొడవపడింది. నేను ఆ ప్రశ్నల్ని ఆ పిల్లకు ఇంగ్లీషులో చెప్పేటప్పుడు కాస్త పెంచి చెప్పాను. ఆమె తెగ రాసుకుంది. ఆ పుస్తకంలో మా ఊరి రైతు రాజ్యాంగ పండితుడిలా ఉంటాడని నా అనుమానం.

రహస్యం సంగతి మాత్రం మా ఊళ్ళో పొసగలేదు. మా వాళ్ళకు చీటీ మడవటమే మర్యాద తక్కువ పనిగా తోచింది. "ఇదేనా సారూ, ఇది ఏసేదా?" అని నా మొహానికే చూపించేవాళ్ళు. పెద్దవాళ్ళయితే చేతికిచ్చి నన్నే వేయమన్నారు. దాచిపెడితే నా మీద నమ్మకం లేదని నేననుకుంటానేమోనని వాళ్ళ భయం. కాబట్టి డబ్బా నిండేసరికి ఏ ఇంటి ఓటు ఏ రంగో దాదాపు అన్నీ నాకు తెలుసు.

తెలియనిది ఒక్కటే. కూలీల వీధిలో చివరి ఇల్లు. ఆ ఇంటామె భర్త టిప్పరు డ్రైవరు, ఆ పొద్దు డ్యూటీలో ఉన్నాడు. ఆమెకు ఆరో నెల. నేను చెప్పిందంతా విని, అయిదు చీటీలూ తీసుకుని, గోడవైపు తిరిగి నిలబడి, ఒకటి చిన్నగా మడిచి డబ్బాలో తనే వేసింది. తక్కినవి సంచిలో వేసి వేళ్ళు కొంగుకు తుడుచుకుంది. ఆ పిల్ల చాలా సంతోషపడింది. నాకు కొంచెం కోపం వచ్చింది.

మర్నాడు పొద్దున రోడ్డు మీది టీ హోటల్లో కూర్చున్నాను. నా చుట్టూ ఎప్పుడూ నలుగురు ఉంటారు, ఆ పొద్దు ఎనిమిదిమంది. యూరప్‌లో ఎవరు గెలుస్తారో చెప్పమన్నారు. చెప్పాను. వాళ్ళ జట్ల సంగతి, వాళ్ళ పార్లమెంటు హాలు అర్ధచంద్రంలా ఉండటం, నేనేదో అక్కడ పదేళ్ళు కూర్చుని వచ్చినట్టు చెప్పాను. ఊరంతా ఎవరెవరు ఏ రంగు వేశారో నా గుప్పిట్లో ఉందని కూడా అన్నాను. అప్పుడే టిప్పర్లాయన వచ్చి కూర్చున్నాడు. మా ఊరి సేద్యగాళ్ళ ఇంటివాడే. వరసకు నన్ను మామా అంటాడు. మొదట రెండు టిప్పర్లు, ఆ తర్వాత ఏడు.

"కూలీల వీధి చివర మా డ్రైవరింట్లో ఏం రంగు ఏసిరి మామా?" అన్నాడు, టీ ఊదుకుంటూ.

తెలియదు అనే మాట అంత చిన్నది. అది నోట్లోంచి రాలేదు. ఎనిమిదిమంది చూస్తున్నారు. అప్పుడే గుప్పిట్లో ఉందన్నాను కదా. ఏదో ఒక రంగు చెప్పాలి. ఎరుపు అంటే ఎవరూ ఆశ్చర్యపోరు.

"ఆకుపచ్చ" అన్నాను. అది చాలదనిపించింది. "గనులు మూసేయల్ల, ఈ లారీలు ఊర్లోకి రాగూడదు అనింది" అని కలిపాను. ఆమె గొంతు ఎట్లా ఉంటుందో కూడా అనుకరించి చూపించాను.

అందరూ నవ్వారు. టిప్పర్లాయన కూడా నవ్వాడు, సగంలో ఆపేశాడు. "మన కూడు తింటా మనకే ఎసరు పెడ్తాండారే" అన్నాడు. ఎవరితోనూ అనలేదు, టీ గ్లాసుతో అన్నట్టు అన్నాడు. టీ అయ్యాక లేచిపోయాడు. నేను ఇంకో గంట యూరప్ గురించి మాట్లాడాను.

సాయంకాలానికి డ్రైవరు చేతిలోంచి బండి తాళంచెవి తీసుకున్నారని తెలిసింది.

ఆ మర్నాడు మా వసారాలో డబ్బా తెరిచాం. మురుకుల వాసన వేస్తున్న చీటీలన్నీ చాప మీద పోసి, ఆ పిల్ల రంగులవారీగా కుప్పలు పెట్టింది. ఎర్రకుప్ప పెద్దది. నీలం దాని వెనకాలే. నారింజ కొంచెం. బూడిద రంగు చీటీలు వేళ్ళ మీద లెక్కపెట్టేటన్ని. ఆకుపచ్చది ఒక్కటి కూడా లేదు. ఆమె డబ్బా బోర్లించి తట్టి చూసింది. లేదు.

ఆకులు కూడా ఎర్రబడిన ఊళ్ళో గాలి కావాలన్నవాళ్ళు ఒక్కరూ లేరేమని నన్ను అడిగింది. ఆకలి గురించీ అభివృద్ధి గురించీ నేను పెద్ద ఉపన్యాసమే ఇచ్చాను. చెబుతున్నంతసేపూ ఆ చాపనే చూశాను. నేను ఊరికే అన్న మాట అబద్ధమై ఉండొచ్చు అనేది వేరు, ఇది అబద్ధమే అని కళ్ళముందు చాప మీద పరిచి చూపించడం వేరు. అప్పుడే లేచి టిప్పర్లాయన ఇంటికి పోయి, ఆకుపచ్చ చీటీయే లేదప్పా, నేను కల్పించాను అని ఉంటే సరిపోయేది. నూరు అడుగుల దూరం. పోలేదు. ఆ పిల్ల సాయంత్రం బస్సుకు వెళ్ళిపోయింది.

పదిరోజులు గడిచాక డ్రైవరు భార్య మా ఇంటికి వచ్చింది. గడప బయటే నిలబడింది. విషయం తెలిసే వచ్చిందనుకున్నాను. ఆమె వేరే పని మీద వచ్చింది.

"నీ మాట టిప్పర్లాయప్ప ఇంటాడంట గదా అప్పా. ఒక మాట చెప్పు. పని లేక ఇంట్లో సుమ్నే కూసోనుండాడు ఈయప్ప."

నేను వెంటనే ఒప్పుకున్నాను. ఇప్పటికైనా నిజం చెప్పేయాలనే డ్రైవరును వెంటబెట్టుకుని పోయాను. దారి పొడుగునా మాటలు కూడబలుక్కున్నాను. టిప్పర్లాయన కుర్చీ వేయించి, మజ్జిగ తెప్పించి, చెప్పు మామా అన్నాడు. అంత మర్యాద చేసేసరికి, ఇక్కడ నేను పెద్దమనిషిననే సంగతి మళ్ళీ గుర్తొచ్చింది.

"ఏదో తెలియక ఏసినారు. ఆడమనిషి. ఈసారికి క్షమించు" అన్నాను.

నేను పుట్టించిన తప్పును నేనే క్షమించమని అడిగాను. డ్రైవరు తల వంచుకుని "తప్పయిందన్నా" అన్నాడు. తన ఇంట్లో ఎవరూ చేయని దానికి. టిప్పర్లాయన నా మొహం చూసి సరే అన్నాడు. పాత బండి ఇచ్చాడు, ఓడరేవు రూటు. అంతకుముందు గని దగ్గర నుంచి, ఖనిజం రైలుకెక్కించే సైడింగు దాకా తోలి పొద్దుగూకేసరికి ఇల్లు చేరేవాడు. ఇప్పుడు వెళితే ఎనిమిది రోజులకు, ఒక్కోసారి పదిహేను రోజులకు వచ్చేవాడు. ఆమె కాన్పు రోజున అతను ఓడరేవులో లారీల వరుసలో ఉన్నాడు. బిడ్డను వారం తర్వాత చూశాడు.

పని దొరికిందని ఆమె జొన్నరొట్టెలు, చెనిక్కాయల పొడి గుడ్డలో కట్టి తెచ్చి ఇచ్చింది. తిన్నాను. రెండు తిన్నాను. ఊళ్ళో నా పేరు ఇంకాస్త పెరిగింది. పని పోయినోళ్ళకు పని ఇప్పించే సారు అన్నారు.

తర్వాత కోర్టు ఆపేయమనడంతో గనులు మూతపడ్డాయి. రోడ్డు పక్కన టిప్పర్లు తుప్పు పట్టాయి. ఎట్లాగూ అందరి పనీ పోయేదే కదా అని నాకు నేను చాలాసార్లు చెప్పుకున్నాను. ఆ లెక్క ఒక్కసారి కూడా కుదరలేదు. అందరితో పాటు పోవడం వేరు, నా నోటివల్ల పోవడం వేరు.

పోయిన ఏడాది ఆ డ్రైవరు వాళ్ళింటికి పోయాను. ఇప్పుడు వాళ్ళు తెక్కలకోటలో ఉంటున్నారు. ఆయన వడ్లమిల్లులో పని చేస్తాడు. నేను పోయేటప్పటికి ఆమె ఒక్కతే ఉంది, మిరపకాయలకు తొడిమలు తీస్తోంది. కూర్చోమని గోనెపట్టా వేసింది. బస్సులో కూడబలుక్కున్న నాలుగు మాటల పీఠిక అంతా వదిలేసి, నువ్వు ఆకుపచ్చ చీటీ వేయలేదమ్మా, వేశావని నేనే కల్పించి చెప్పాను అన్నాను.

ఆమె చేయి ఆగలేదు.

"తెలుసప్పా. నేనేసింది నాకు తెలీదా? మా ఇంటి మీద ఆ మాట పుట్టించేదానికి ఇంకెవరుండారు, డబ్బా పట్టుకున్నోడివి నువ్వే గదా."

మరి ఆ పొద్దు నా దగ్గరికొచ్చి అడిగావే, అప్పుడే ఎందుకు నిలదీయలేదన్నాను.

"నిలదీస్తే నువ్వు టిప్పర్లాయప్ప ఇంటికి వచ్చేటోడివా?"

రాను. అది నాకంటే ముందే ఆమెకు తెలుసు. నిజం నాతో చెప్పించలేనని తెలుసుకుని, నా గొప్పతనాన్నే పనికి వాడుకుంది.

"నాకు చెప్తే ఏమొస్తాదప్పా" అంది. "ఈయప్పకు చెప్పు. నేనేసినానని ఇంతవరకు నా మీదే పెడ్తాండాడు. నువ్వు యాయో రంగులేసి బండి పోగొడ్తివి అంటాడు. నేను ఏయలేదంటే నమ్మడు. సారు అబద్ధమాడ్తాడా అంటాడు. ఆరు గంటలకొస్తాడు, కూసో."

ఆఖరి బస్సు అయిదున్నరకు. ఆ సంగతి ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు. చేతిగడియారం చూసుకున్నాను. ఆమె నా వైపు చూడకుండా ఇంకో దోసెడు మిరపకాయలు ముందుకు లాక్కుంది. కూర్చున్నాను. ఇది గొప్పగా చెప్పుకోవడానికి రాయడం లేదు. రెండుసార్లు లేచాను, రెండుసార్లూ నీళ్ళు తాగే నెపంతో.

అతను సైకిలు ఆనించి లోపలికి రాగానే రెండు చేతులూ ఎత్తాడు. మీరొచ్చినారా సారూ, ఆ పొద్దు మీరు లేకపోతే ఏమయ్యేటోళ్ళమో అన్నాడు. ఆ చేతులు దించకముందే చెప్పేశాను. దించనిస్తే ఇంక చెప్పలేనని భయం. టీ హోటలు, ఎనిమిదిమంది, ఆమె గొంతు అనుకరించడం, చాప మీద ఆకుపచ్చ లేకపోవడం, క్షమించమని అడగడం. అన్నీ.

అతను భార్యవైపు చూశాడు. ఆమె తల ఎత్తలేదు. తర్వాత నావైపు తిరిగాడు. గొంతు పెంచలేదు.

"ఎందుకట్లా చెప్తిరి సారూ?"

"ఆడ కూసోనుండేటోళ్ళు నవ్వుతారని" అన్నాను.

అంతకంటే పెద్ద కారణం ఏదైనా చెబుదామని వెతికాను. జీవితమంతా కారణాలు దొరికాయి నాకు, ఏ సందర్భానికైనా. ఆ సాయంత్రం ఒక్కటీ దొరకలేదు.