నేను దులిపేసిన బుట్టలు

మా వదినను అందరూ పురుగులమ్మ అంటారు. చాటుగా కాదు, ఎదురుగానే అంటారు. ఆమె పలుకుతుంది కూడా. పత్తి చేలల్లో పురుగులు లెక్కపెట్టడం ఆమె పని. మా పద్నాలుగు మంది రైతుల సంఘం ఆమెకు జీతం ఇచ్చింది అందుకే.

నాకేమో పురుగంటే చచ్చేంత అసహ్యం. పత్తి రైతువై ఉండి ఇదేం రోగంరా అని మా అన్న నవ్వేవాడు. ఏం చేయను? కాయ చీలిస్తే లోపల గులాబీ రంగులో, తడితడిగా, తాపీగా మెలికలు తిరుగుతుందే, దాన్ని చూస్తే నాకు ఆ పూట ముద్ద దిగదు. వదిన దాన్ని వేలి మీద ఎక్కించుకుని పొడవు చూస్తుంది. ఒకసారి వంటింట్లో కూరగాయల కత్తితోనే కాయలు చీలుస్తూ కనిపించింది.

"ఛీ ఛీ, అది వంటకత్తి వదినా!" అని అరిచాను.

"కడుగుతాలే. వంకాయలో పురుగు తీసేసి వండితే లొట్టలేసుకుంటూ తింటావు కదా, అప్పుడు రాని రోషం ఇప్పుడెందుకు?" అంది. ఆ తర్వాత నెల రోజులు నేను వంకాయ ముట్టలేదు.

ఆమెకు ఈ పిచ్చి ఊరికే పట్టలేదు. మా అన్న పురుగున్నా లేకపోయినా వారం తప్పకుండా మందు కొట్టేవాడు. ఒక మధ్యాహ్నం సాళ్ల మధ్యలోనే నురగలు కక్కుతూ పడిపోయాడు. బతికాడు. కానీ ఇప్పుడు మంచినీళ్ల గ్లాసు రెండు చేతులతో పట్టుకున్నా సగం చొక్కా మీదే పోతాయి. ఆ చొక్కాలు ఉతికేది వదినే. ఆ ఏడు సంఘం మీటింగులో ఆమె లేచి నిలబడింది.

"పురుగు లెక్క దాటితేనే మందు కొడదాం. ఒక్క పంటకి నా మాట వినండి. నా లెక్క తప్పిందంటే నన్ను తీసేసి, మళ్లీ వారం వారం కొట్టుకోండి. అడ్డం రాను."

సరే చూద్దాం అన్నారు.

నా చేను పత్తి గోదాం పక్కనే ఉంటుంది. పాత పత్తిలో దాక్కున్న పురుగు రెక్కలొచ్చి మొదట దిగేది అక్కడే కాబట్టి, అందరి తరఫునా బుట్టలు నా చేలోనే కట్టింది. బుట్ట అని పేరే గానీ, పైన ఒక మూత, దాని కింద ఆడపురుగు వాసన పట్టించిన ఎర, ఆ కింద వేలాడే పొడవాటి ప్లాస్టిక్ సంచి. ఆ వాసనకు మగవి ఎగిరొచ్చి సంచిలో పడి చస్తాయి. ప్రతి గురువారం వదిన సంచి విప్పి, లెక్కపెట్టి, గోదాం గోడ మీద సుద్దముక్కతో రాసేది. బుట్టకు రోజుకు ఎనిమిది దాటితే గండం. అప్పుడు కాయలు కోసి చీల్చి చూసి, మందు సంగతి తేల్చాలి. దాటకపోతే కాయ కోయకూడదు, ఎవరూ మందు జోలికి పోకూడదు. అదీ కట్టుబాటు.

మూడో వారం గోడ మీద బుట్టకు ముప్పై ఒకటి అని పడింది. వారం మొత్తానికి అది పెద్ద లెక్కేం కాదు. అయినా గోదాంలో పత్తి తూకం వేసే ఆయన ఊరుకుంటేగా!

"మీ చేలో పిల్ల ఎవరో గానీ, పెళ్లికొడుకులు తెగ దిగుతున్నారటగా!" అన్నాడు. అందరూ పగలబడి నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది. నీ తలలో పేలున్నాయని నలుగురిలో చెప్తే ఎలా ఉంటుంది? అలాగే ఉంది.

తర్వాతి బుధవారం సాయంత్రం ఒక్కణ్ణే చేనుకెళ్లాను. సంచి అడుగున బూడిదరంగు ముద్ద. రెక్కలు, కాళ్లు, పొడి, కుళ్లిన వాసన. ఆ మధ్యలో ఇంకా చావనివి రెండు మూడు కొట్టుకుంటున్నాయి. ముక్కు మూసుకుని మోటారు గది వెనక అన్ని బుట్టలూ దులిపేశాను. చుట్టాలొస్తున్నారంటే ఇల్లు ఊడ్చుకోమా, ఇదీ అంతే అనుకున్నాను. అనుమానం రాకుండా బుట్టకు ఓ రెండు మూడు మళ్లీ లోపల వేశాను, అదీ పుల్లతో ఏరి మరీ. ఇంటికొచ్చి సబ్బుతో మూడుసార్లు చేతులు కడుక్కున్నాను.

అలా ఆరు వారాలు. గోడ మీద వారానికి పది, పన్నెండు, తొమ్మిది. ఎవరూ నవ్వలేదు. వదిన మాత్రం నొసలు చిట్లించేది.

"గోదాం పక్కన ఇంత తక్కువా? నాకెందుకో నమ్మబుద్ధి కావట్లేదు. ఓ ఇరవై కాయలు చీల్చి చూస్తాను."

"పచ్చికాయలు వదినా! లెక్క దాటకుండా కోయనని మీటింగులో నువ్వే కదా చెప్పావు?"

ఆమె కత్తి మడిచి సంచిలో పెట్టుకుంది. మాట మీద నిలబడే మనిషిని ఆమె మాటతోనే కట్టేశాను.

తొలిసారి పత్తి తీసే నాటికి కాయలు సగమే విచ్చుకున్నాయి. లోపల పత్తి పసుపు మరకలు పట్టి గట్టిపడిపోయింది. ఒక్కో కాయలో రెండేసి పురుగులు. నా ఒక్కడి చేలోనే అయితే నా ఖర్మ అనుకునేవాణ్ణి. పద్నాలుగు చేలల్లోనూ అదే. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు అందరూ మందుకు పరిగెత్తారు. కాయలో దూరి కూర్చున్న పురుగుని పైన కొట్టే మందు ఏం చేస్తుంది?

గోదాంలో మీటింగు పెట్టారు. "నీ లెక్కలు పొయ్యిలో పెట్టు" అన్నాడొకడు. తూకం ఆయన పుచ్చిన పత్తికాయ ఒకటి తెచ్చి వదిన ఒళ్లో పడేశాడు. అందులోంచి పురుగు బయటికొచ్చి ఆమె మణికట్టు మీద పాకింది. ఆమె దాన్ని దులుపుకోలేదు. నేను గోడకు ఆనుకుని, దొంగకు తేలు కుట్టినట్టు కిమ్మనకుండా నిలబడ్డాను. వదిన తలెత్తి నావైపు చూసింది. చాలాసేపే చూసింది. తర్వాత లెక్కల పుస్తకం, కత్తి బల్ల మీద పెట్టింది.

"లెక్క తప్పింది. రాసింది నేనే. మాట ప్రకారం వెళ్తున్నా" అని బయటికి నడిచింది.

మర్నాటి నుంచే మళ్లీ వారం వారం మందు మొదలైంది. నాలుగో రోజు ఉండబట్టలేక వాళ్లింటికి వెళ్లాను. పక్క చేలల్లోంచి మందు ఘాటు ఇంట్లోకి కొడుతోంది. అన్న మంచం మీద కూర్చుని దగ్గుతున్నాడు. వదిన కిటికీలు మూస్తోంది.

"వదినా, ఆ బుట్టలు... ప్రతి బుధవారం నేనే దులిపేసేవాణ్ణి" అన్నాను, నేల చూస్తూ.

ఆమె కిటికీ గడియ వేసింది. "తెలుసు. మోటారు గది వెనక రెక్కల కుప్ప చూశాను."

"ఎప్పుడు?"

"మీటింగు రోజు పొద్దున."

"మరి అక్కడెందుకు చెప్పలేదు? నీ పని పోయింది కదా!"

"నువ్వు చెప్తావని చూశానయ్యా" అంది.

అన్న చేతిలో గ్లాసు ఒలికింది. ఆమె గుడ్డ తెచ్చి తుడిచి, మిగిలిన కిటికీ కూడా మూసింది.

ఇంత రాశాను గానీ, మిగతా పదమూడు మందికీ నేను ఇప్పటికీ చెప్పలేదు. రోజూ గోదాం దాకా వెళ్తాను, తూకం ఆయనతో నాలుగు మాటలు మాట్లాడి వచ్చేస్తాను. థూ, నా బతుకు.