రాసివ్వండిగారి పోలింగు డ్యూటీ

నీటి సరఫరా ఆఫీసులో పెద్ద గుమాస్తాగారివి పాము చెవులు. మూడు గదుల అవతల ఎవరైనా ఆవులించినా ఆయనకి వినబడేది. వినబడనిదల్లా నోటిమాట ఒక్కటే. ఎవరు ఏం చెప్పబోయినా అరచెయ్యి అడ్డం పెట్టి "రాసివ్వండి" అనేవారు. అసలు పేరు హాజరుపట్టీలోనే ఉండిపోయింది. లోకానికి ఆయన రాసివ్వండిగారు.

ఆయన ఎదురు బల్ల టైపిస్టుది. పదకొండేళ్ళుగా ఆ మాట వినీ వినీ ఆవిడ చెవులు చిల్లులు పడ్డాయి. ఒకసారి బంట్రోతు బుగ్గ వాచిపోయి వచ్చాడు.

"పన్ను నొప్పి సార్. సెలవు కావాలి."

"రాసివ్వు."

పాపం, మూలుగుతూనే రాసిచ్చాడు. ఆయన కళ్ళజోడు సర్దుకుని చదివి, "ఏ పన్నో రాయలేదేం? పైదా, కిందదా?" అన్నారు.

ఇంట్లో మాత్రం మినహాయింపు ఉంటుందా? వాళ్ళావిడ ఓసారి టైపిస్టుతో చెప్పుకుని నవ్వింది. వంటింట్లో బల్బు పోయి మూడు రోజులైందట. చెప్పి చెప్పి విసుగెత్తి చివరికి రాసిందట: "మహారాజశ్రీ భర్తగారికి, చీకట్లో చారనుకుని నూనె వడ్డించినచో నా బాధ్యత లేదు." ఆయన నిమిషంలో బల్బు మార్చి, కాగితం అడుగున "చర్య తీసుకోబడింది" అని సంతకం పెట్టారట.

ఇక ఆఫీసు చెత్తబుట్ట అంటుకున్న రోజు! వాచ్‌మన్ "సార్, మంటలు!" అని పరుగెత్తుకొచ్చాడు. ఆయన నోరు అప్పుడే "రా..." దాకా తెరుచుకుంది. టైపిస్టు కూజాడు నీళ్ళు కుమ్మరించబట్టి సరిపోయింది గాని, లేకపోతే దరఖాస్తు పూర్తయ్యేసరికి ఆఫీసు బూడిదయ్యేది.

అలాంటి మనిషిని ఎన్నికల్లో ఒక పోలింగు కేంద్రానికి అధికారిగా వేశారు. వేలికి సిరా పూసే పని టైపిస్టుకి పడింది. "ఇవాళ ఓటర్లందరి చేతా వ్యాసాలు రాయిస్తాడు మహానుభావుడు" అని ఆవిడ గుండె రాయి చేసుకుని కూర్చుంది.

పోలింగు కేంద్రం ఒక బడిలోని ఒకటో తరగతి గది. బెంచీలు మోకాలెత్తు. ఎనిమిదింటికి నూలుమిల్లు మేస్త్రీ ఓటరు స్లిప్పుల కట్టతో దర్జాగా వచ్చాడు.

"మావాళ్ళు నలభైమంది షిఫ్టులో ఉన్నారండీ. వాళ్ళకెందుకు శ్రమ? ఆ మీటలేవో నేనే నొక్కేస్తాను."

"శుభం. రాసివ్వండి" అని రాసివ్వండిగారు తెల్లకాగితం ముందుకు జరిపారు. "నలభై ఓట్లూ నేనొక్కణ్ణే వేయదలిచాను అని. కింద మీ సంతకం, పక్కన మీ యజమానిది."

మేస్త్రీ మొహం జేవురించింది. "ఎవరితో మాట్లాడుతున్నారో తెలుసా? మిమ్మల్ని ఏ అడవికో బదిలీ చేయిస్తా!"

"అది రెండో పేరాలో రాయండి. వాళ్ళని పంపనంటే అది మూడో పేరా."

మేస్త్రీ ఆ కాగితాన్ని తేలుని చూసినట్టు చూశాడు. గంట తిరక్కుండా నలభైమందీ ఒంటినిండా దూదితో వచ్చి వరసలో నిలబడ్డారు. టైపిస్టు సిరా పూస్తూ తల వంచుకుని నవ్వుకుంది.

మధ్యాహ్నం ఇస్త్రీ అవ్వ వచ్చింది. ఆ వీధి చొక్కాలన్నీ ఆమె చేతిలో పడ్డవే. జాబితాలో ఆమె పేరు మీద ఎర్రగీత, పక్కన "మృతి" అని ఉంది. మూలన కూర్చున్న పార్టీ ఏజెంటు లేచాడు.

"చనిపోయినవాళ్ళకి ఓటు లేదండీ."

అవ్వ తెల్లబోయింది. "నేను పోయానా? నాకెవరూ చెప్పలేదే నాయనా!"

రాసివ్వండిగారు అరచెయ్యి ఎత్తారు. అవ్వకి అక్షరమ్ముక్క రాదని టైపిస్టుకి తెలుసు.

"రాసివ్వండి" అన్నారాయన, ఏజెంటు వైపు తిరిగి. "నా ఎదురుగా నిలబడ్డ ఈమె చనిపోయినదని. ఎప్పుడు పోయిందో, మీరెక్కడ చూశారో కూడా."

ఏజెంటు కూలబడ్డాడు.

ఆయన అవ్వ గుర్తింపుకార్డు ఫొటోనీ మొహాన్నీ పోల్చి చూశారు. "సరిపోయింది. మీరు ఒక ప్రకటన ఇస్తే చాలు, అవ్వా."

"నాకు రాయడం రాదు బాబూ."

"నాకొచ్చుగా" అంటూ లేచి, అవ్వని తన కుర్చీలో కూర్చోబెట్టి, తను పిల్లల బెంచీ మీద ముడుచుకుని కూర్చున్నారు. "చెప్పండి. చెప్పింది చెప్పినట్టే రాస్తాను."

"నేను బతికే ఉన్నా. పొద్దున్నించీ ఇరవై చొక్కాలు చేశా. చచ్చినోళ్ళు చేస్తారా? రెండేళ్ళుగా పింఛనాఫీసుకి పోతుంటే, నువ్వు పోయావు, పో అంటున్నారు. ఎక్కడికి పోను?"

ఆయన ఒక్క మాట వదల్లేదు. అవ్వ వేలిముద్ర వేసి, ఓటు వేసి వచ్చేసరికి పింఛను కోసం వేరే దరఖాస్తు సిద్ధంగా ఉంది.

"ఇది మీది. రేపు పదింటికి పింఛనాఫీసు మెట్ల దగ్గరుండండి. నేనూ వస్తాను. కుదరదంటే..."

"రాసివ్వమంటారా సార్?" అంది టైపిస్టు.

"మరి? నోటితో పొమ్మనడం తేలికమ్మా. సంతకం పెట్టి పొమ్మనడం ఎవరికైనా కష్టమే. పెద్దవాళ్ళ నోటిమాట చెల్లుతుంది. ఈవిడలాంటి వాళ్ళకి కాగితమే నోరు."

విసుక్కుంటూ తను ఫైలు చేసిన కాగితాలు టైపిస్టుకి గుర్తొచ్చాయి. ఆఫీసు ఊడ్చే ఆమె కాన్పు సెలవు ఎగ్గొడదామని చూసిన అధికారి నోరు మూయించింది ఈయన రాయించిన అలాంటి కాగితమే.

సాయంత్రం యంత్రానికి సీలు వేశాక అధికారి డైరీ మిగిలింది. అందులో "ప్రత్యేక సంఘటనలు" అని ఒక గడి. ఆయన పెన్ను కొరుకుతూ ఆలోచించి రాశారు: "జాబితాలో మరణించిన ఓటరు ఒకరు పోలింగు కేంద్రంలో బతికారు. మిగతా అంతా ప్రశాంతం."

"ఇలా రాస్తే పైవాళ్ళు నవ్వరా సార్?"

"నవ్వనీ అమ్మా. అబద్ధమైతే కాదుగా?"

సాక్షి సంతకానికి అక్కడ చోటే లేదు. ఎవరూ అడగనూ లేదు. అయినా టైపిస్టు డైరీ తన వైపు లాక్కుని, సిరా మరకల వేళ్ళతో అంచున ఇరికించి సంతకం పెట్టింది.