ఫిలోమినమ్మ మిద్దె బడి

మొన్న మా తమ్ముడి కొడుకు పుట్టినరోజుకి పోయినాం. వాడు బుగ్గలు పూరించి కేకు మీది కొవ్వొత్తిని ఊదేశాడు. అందరూ పాట అందుకున్నారు. ఆరిన ఒత్తి నుంచి సన్నటి పొగ లేచి నా ముక్కుకి తగిలింది. కాలిన నూలు, కరిగిన మైనం కలిసిన ఆ వాసనకి నేను కేకు ముక్క చేతిలో పట్టుకుని అట్లే నిలబడిపోయాను. "ఏం, షుగరు గుర్తొచ్చిందా?" అని మా ఇంటావిడ సరోజ పక్కనుంచి పొడిచింది. గుర్తొచ్చింది షుగరు కాదు, ఫిలోమినమ్మ. కొన్నేళ్ళపాటు సాయంత్రమైతే మా మిద్దె మెట్ల మీదుగా ఆ వాసన మా నట్టింట్లోకి దిగి వచ్చేది. పైన జపమాల ముగిసిందని, ఆ ఇంటి చిన్నోడు కొవ్వొత్తి ఊదేశాడని మాకు దాన్నిబట్టే తెలిసేది.

ఆమె ఎవరో చెప్పే ముందు నా సంగతి కొంచెం చెప్పాలి, లేకుంటే మిగతాది అర్థం కాదు. మదనపల్లెలో నాకు విత్తనాల అంగడి ఉంది. రైతులు సగం విత్తనాల కోసం వస్తారు, సగం నా కోతల కోసం వస్తారు. బైరెడ్డిపల్లెలో ఒకాయన తోటలో కాసిన టమోటాని దించడానికి క్రేను తెప్పించారని ఒకసారి చెప్పాను. ఎదురుగా కూర్చుని నోరు తెరుచుకుని విన్నది ఆ తోట యజమానే. ఇంటికి పోయి చూసుకుంటానని లేచాడు కూడా. అట్లాంటి నాకు, నలభై దాటినాక, నోరు మూసుకోవడం నేర్పిన మనిషి ఫిలోమినమ్మ.

వాళ్ళు పుంగనూరు నుంచి మా మిద్దె మీదికి అద్దెకు వచ్చారు. ఆమె భర్త జోజప్ప ఒక ఆస్పత్రిలో ఎక్స్‌రేలు తీసేవాడు. మనిషి లోపలంతా చూసి చూసి ఇంక బయట మాట్లాడేదేముందిలే అనుకున్నట్టు ఎప్పుడూ చిరునవ్వుతో ఊరికే ఉండేవాడు. లారీలోంచి మంచాలూ గిన్నెలూ దిగకముందే ఒక నల్లబల్ల దిగింది. దాని వెనకే వాళ్ళ పదేళ్ళ కూతురు లీనా, దుప్పట్లో చుట్టిన మరియమ్మ స్వరూపాన్ని చంటిబిడ్డలా ఎత్తుకుని దిగింది. ఆరేళ్ళ అంతోని చేతిలో ఒక్క చెప్పు మాత్రం ఉంది. రెండోది పుంగనూరులోనే ఉండిపోయిందంట.

"పిల్లోళ్ళని ఏ స్కూల్లో చేర్పిస్తారమ్మా?" అని అడిగాను.

"ఏ స్కూల్లోనూ లేదన్నా. ఇంట్లోనే చెప్తా."

"యాల? స్కూళ్ళ మీద కోపమా?"

"కోపమేముందన్నా? నేనూ పుంగనూరులో టీచరుగా చేసిందాన్నే. ఊరి పిల్లోళ్ళందరికీ చెప్పి ఇంటికొస్తే నా పిల్లోళ్ళు ఆవలిస్తా ఉండేవాళ్ళు. వీళ్ళంటే నాకు శానా ఇష్టం. ఆవలింతలే నాకు మిగిలితే ఎట్లా?"

పిల్లల్ని బడి మాన్పించడానికి ఇష్టాన్ని కారణంగా చెప్పిన మనిషిని నేను అంతకుముందు చూడలేదు. కింద సరోజతో చెబితే, "మనకెందుకు, అద్దె టైముకి కడితే చాలు" అంది. కాని మరుసటి రోజే వంకాయ బజ్జీ గిన్నె పట్టుకుని పైకి పోయి, వాళ్ళింట్లో ఏ సామాను ఏ మూలనుందో చూసి వచ్చింది.

కొన్నాళ్ళకి ఒక మధ్యాహ్నం మెట్ల మీద కూర్చుని ఆ పిల్లలిద్దరికీ గుర్రంకొండ కోట యుద్ధం చెప్పాను. కోటలో ఫిరంగి గుండ్లు అయిపోయినాయి. మా ముత్తాత పెండ్లాం వెనకాడలేదు. రాగి సంగటి ముద్దలు చేసి, ఎండబెట్టి, ఫిరంగిలో కూరి పేల్చింది. మరుసటి రోజు శత్రువులు తెల్ల జెండా ఊపుతా వచ్చారు. లొంగిపోవడానికి కాదు, సంగటిలోకి ఊరిమిండి పచ్చడి అడగడానికి. అంతోని కళ్ళు పెద్దవి చేసుకుని విన్నాడు. పైన గుమ్మంలో చింతపండు గింజలు తీస్తున్న ఫిలోమినమ్మ కూడా విన్నదని ఆలస్యంగా చూసుకున్నాను. దేవుడంటే అంత భక్తి ఉన్న ఇల్లు, ఇంక నాకు చీవాట్లే అనుకున్నాను.

"అన్నా, ఆ ముద్దల్ని ఎన్ని దినాలు ఎండబెట్టినారు?" అని మాత్రం అడిగింది.

"మూడు దినాలమ్మా," అన్నాను, మా ముత్తాత పరువు కాపాడుతూ.

తెల్లవారి మిద్దె మీద మా వడియాల పక్కన రాగి ముద్దలు ఎండుతున్నాయి. మూడు దినాలయ్యాక పిల్లలు వాటిని గోడకేసి కొట్టారు. రెండు పిండి పిండి అయ్యాయి. ఒకటి మాత్రం గోడకు తగిలి ఎగిరి సరోజ గులాబి కుండీ మీద పడింది. "కోట సంగతి తెలీదు గాని మామా, కుండీ మాత్రం పగులుతాది" అని లీనా తీర్పు చెప్పింది. ఆ సాయంత్రం ఫిలోమినమ్మ కొత్త కుండీతో కిందికి దిగి వచ్చి, నాకు ఒక ఉద్యోగం ఇచ్చింది.

"శనివారం శనివారం పైకి రాండన్నా. మీరు చెప్పండి. దాంట్లో అబద్ధం యాడుండాదో పిల్లోళ్ళు పట్టుకోవాల. పట్టుకున్నోళ్ళు చప్పట్లు కొట్టాల. కొట్టినోళ్ళు అదెందుకు అబద్ధమో చెప్పాల."

"మీ చర్చి స్వామి ఒప్పుకుంటాడామ్మా? అబద్ధం పాపం గదా?"

"నమ్మించి ముంచితే పాపం. ఈడ ముందే చెప్పేస్తాండాం గదన్నా, పట్టుకోమని."

అట్లా నేను ఆ మిద్దె బడిలో పంతులునయ్యాను. ఇంకే బడిలోనైనా నన్ను గేటు దాటనిచ్చేవాళ్ళు కాదు. నా కోతల్ని పట్టుకోవడానికి ఆ పిల్లలు పటాలు తిరగేసేవాళ్ళు, కూడికలు వేసేవాళ్ళు, కూరగాయలమ్మే ముసలామెను పిలిచి సాక్ష్యం అడిగేవాళ్ళు. ఆ ఇంట్లో చదువుకి వేరే గది, వేరే గంట ఉండేవి కావు. దోసె పిండి కొలతల్లో భిన్నాలు నడిచేవి. మధ్యాహ్నం పన్నెండైతే మాత్రం తాలింపు సగంలో ఉన్నా స్టవ్ ఆర్పి, అందరూ నిలబడి త్రికాల జపం చెప్పేవాళ్ళు. నేనూ లేచి నిలబడేవాణ్ణి. నాకు జపం రాదు, కాని ఆ మాడని తాలింపు దగ్గర ఊరికే నిలబడడం బాగుండేది. తపస్సుకాలంలో ఈస్టరుదాకా ఇంట్లో ఒక్కొక్కరూ ఇష్టమైనది ఒకటి వదిలేసేవాళ్ళు. ఒక ఏడాది లీనా ఊరగాయ వదిలింది. అంతోని, "నేను మామ కథలు వదిలేస్తాండా" అని ప్రకటించాడు. ఆ శనివారం చెవుల్లో వేళ్ళు పెట్టుకుని నా ఎదురుగానే కూర్చున్నాడు. కథ సగానికొచ్చేసరికి ఒక వేలు జారింది. చివరికి రెండు చేతులూ చప్పట్లకే పనికొచ్చాయి.

ఫిలోమినమ్మ దగ్గర ఇంకొక పద్ధతి ఉండేది. అది నాకు అసలు పడేది కాదు. పిల్లల్ని ఏదైనా అడిగితే ఒక్కసారే అడిగేది. తర్వాత తన పనిలో తానుండేది. జవాబు వచ్చేదాకా మళ్ళీ అడగదు, గదమదు, అందించదు. ఒకరోజు జోజప్ప కళ్ళద్దాలు పగిలి ఉన్నాయి. "ఏమైంది అంతోనీ?" అని అడిగి, చపాతీలు రుద్దుతూ ఉంది. వాడు తల వంచుకుని నిలబడ్డాడు. చపాతీ వెనక చపాతీ అవుతోంది. నేను ఆగలేకపోయాను.

"పిల్లి దూకిందేమోనమ్మా!" అన్నాను.

ఆమె అప్పడాల కర్ర ఆపి నా వైపు చూసింది. "అన్నా, నేనడిగింది వాణ్ణి."

ఇంకో రెండు చపాతీల తర్వాత వాడే చెప్పాడు, కళ్ళద్దాలు పెట్టుకుంటే నాయన మాదిరి మనుషుల లోపల ఎముకలు కనిపిస్తాయేమోనని చూశానని. నా పిల్లి కంటే ఆ నిజమే బాగుంది. ఒప్పుకోవడానికి నాకు కొంచెం కష్టమైంది.

ఇంతకీ నేను చెప్పాలనుకున్నది మా హేమ సంగతి. మాకు ఒకతే కూతురు. పదో తరగతిలో మంచి మార్కులొచ్చాయని దూరాన ఒక హాస్టలు కాలేజీలో ఇంటరుకి చేర్చాం. దసరా సెలవులకి ఇంటికి వచ్చింది గాని, మాట మాత్రం రాలేదు. అడిగితే "ఊ" అంటుంది, "ఏం లేదు" అంటుంది. డాక్టరు రక్తం తక్కువని టానిక్కు రాసిచ్చాడు. చిన్నప్పుడు నా కోతలకి ఎక్కిళ్ళు వచ్చేదాకా నవ్విన పిల్ల. ఇప్పుడు నేను ఎంత పెద్ద కోత కోసినా, పోతున్న బస్సును చూసినట్టు చూసి తల తిప్పుకునేది. సోమవారం తిరిగి పంపాలి. సరోజ పొద్దున "పంపద్దండీ" అనేది, సాయంత్రం "చదువు పాడైపోతాదేమో" అని ఏడ్చేది. నాకూ అట్లే ఉంది. ఏమీ చెప్పని బిడ్డని ఏ ధైర్యంతో ఆపాలి, ఏ ధైర్యంతో పంపాలి? మనసులో ఆ భయం ఉన్నప్పుడు నేను ఇంకా ఎక్కువ వాగేవాణ్ణి.

ఆ శనివారం సరోజ బలవంతం మీద హేమ కూడా నాతో పైకి వచ్చి, గుమ్మం బయట మెట్టు మీద కూర్చుంది. నేను మదనపల్లె నుంచి కుప్పం పోయిన మొట్టమొదటి బస్సు కథ ఎత్తుకున్నాను. ఆ బస్సుకి బ్రేకులు లేవు. ఊరు రాగానే కండక్టరు కిందికి దూకి, ఒక చేత్తో బస్సును పట్టుకుని, ఇంకో చేత్తో చింతచెట్టును కౌగిలించుకునేవాడు. పుంగనూరు చేరేసరికి చేతులు సాగి సాగి, కూర్చున్న చోటి నుంచే వెనక సీటుకి టిక్కెట్లు ఇచ్చేవాడు. పిల్లలు చప్పట్ల మీద చప్పట్లు కొడుతున్నారు. నాకు ఊపొచ్చింది. "ఆ బస్సు ఇప్పటికీ తిరుగుతా ఉండాది. సోమవారం మా హేమ దాంట్లోనే నవ్వుకుంటా ఎక్కి హాస్టలుకి పోతాది" అన్నాను.

వెనకనుంచి ఒక చప్పట వినిపించింది. ఒక్కటే.

లీనా, అంతోని గుమ్మం వైపు తిరిగారు. హేమ రెండు అరచేతులూ ఇంకా కలిపే ఉంది. నాకు నాలుక మీదికి ఏదో వేళాకోళం వచ్చేసింది. నవ్వించి దాటేసేవాణ్ణే. ఫిలోమినమ్మ చెయ్యి కొంచెం ఎత్తి "అన్నా" అంది. అంతే. తర్వాత హేమ వైపు చూసి, "యాల అబద్ధం హేమా?" అని అడిగి, ఒళ్ళోని చేటలో బియ్యం ఏరుకోవడం మొదలుపెట్టింది.

ఆ గదిలో ఫ్యాను తిరుగుతోంది. కింద మా కుక్కరు కూత వేసింది. అంతోని ఊపుతున్న కాలు ఆపేశాడు. ఆమె మాత్రం తల ఎత్తలేదు. వడ్లగింజలు ఏరి పక్కన పెడుతూ ఉంది, ఆ పిల్లకి ఎంతసేపు కావాలంటే అంతసేపు ఉందన్నట్టు.

"ఆడ నన్ను ఎవురూ పేరుతో పిలవరు నాయనా," అంది హేమ. "లేస్తే నంబరు, తింటే నంబరు, మార్కులకీ నంబరే. మాట్లాడితే టైము వేస్టంటారు. ఒకరోజు బాత్రూములో అద్దం ముందర నిలబడి నా పేరు నేనే చెప్పుకున్నా. చదువంటే భయం లేదు. నేను లేకుండా పోతాండానేమోనని భయంగా ఉండాది. నన్ను పంపద్దు."

ఫిలోమినమ్మ చేట పక్కన పెట్టి లేచి, హేమ పక్కన మెట్టు మీద కూర్చుంది. నేను కిందికి పోయి సరోజకి చెప్పాను. ఆమె కళ్ళు తుడుచుకుని, "జనాలు అడిగితే ఏం చెప్తాం?" అంది. "దానికి నేనుండాను గదే!" అన్నాను. చాన్నాళ్ళకి నవ్వింది.

హేమ పేరు కాలేజీలో తీసేయించి, ప్రైవేటుగా ఇంటరు కట్టించాం. చదివింది మిద్దె మీదే. లెక్కల్లో ఏదో అర్థం కాకపోతే ఫిలోమినమ్మ, "ఇది నాకూ రాదు హేమా. కూసో, ఇద్దరం నేర్చుకుందాం" అనేది. బంధువులు ఊరుకుంటారా? "చూస్తా ఉండు, పిల్లని చర్చికి తీసుకుపోయి నీళ్ళు చల్లి వాళ్ళల్లో కలిపేసుకుంటారు" అని సరోజ చెవిలో పోసింది మా మేనత్త. ఆ మాట పైకి చేరిందో లేదో తెలీదు. సాయంత్రం జపమాలకి ముందు మాత్రం ఫిలోమినమ్మ, "హేమా, మీ అమ్మ దీపం పెట్టే వేళైంది, పో" అని కిందికి పంపేది. కింద మా హారతి గంట, పైన వాళ్ళ మంగళవార్త జపం ఒకేసారి నడిచేవి. రెంటి మధ్య మెట్ల మీద నేను కూర్చుని బీడీ మానేయాలని రోజూ అనుకునేవాణ్ణి.

జోజప్పకి కుప్పంలో పెద్ద ఆస్పత్రిలో పని దొరికి వాళ్ళు వెళ్ళిపోయారు. మిద్దె మీదికి వేరేవాళ్ళు వచ్చారు. మంచివాళ్ళే, కాని ఆ ఇంట్లో టీవీ మాట్లాడినంత మనుషులు మాట్లాడరు. పోయినేడు జోజప్ప ఫోను చేశాడు. ఎప్పుడూ మాట్లాడని మనిషి, ఆ రోజూ రెండు మాటలే అన్నాడు. ఫిలోమినమ్మకి నిద్రలోనే గుండె ఆగిందంట. నేనూ, సరోజా, హేమా కుప్పం పోయాం. చర్చిలో పూజ అయ్యాక ఇంటి దగ్గర అందరూ ఆమె గురించి తలా ఒకటి చెప్పుకుంటున్నారు. నా వంతు వచ్చింది. రాగి ముద్దలు, గులాబి కుండీ సంగతి చెప్పాను. అది ఉన్నదున్నట్టు జరిగిందే. అక్కడ కొత్తవాళ్ళెవరూ నమ్మలేదు. జోజప్ప మాత్రం కళ్ళు తుడుచుకుంటూ నవ్వాడు.

హేమ ఇప్పుడు బెంగుళూరులో పని చేస్తోంది. సాయంత్రం ఫోను చేస్తుంది. గొంతు వినగానే నాకు తెలిసిపోతుంది, ఆ రోజు ఎట్లా గడిచిందో. "ఏమ్మా, ఏం కత?" అని అడుగుతాను. "ఏం లేదు నాయనా" అంటుంది. ఎన్ని కోతలు నోటి దాకా వస్తాయో నాకే తెలుసు. అన్నీ మింగేస్తాను. ఫోను చెవికి ఆనించుకుని ఊరికే కూర్చుంటాను. అటువైపు బండ్ల మోత, దాని వెనక నా బిడ్డ ఊపిరి. సరోజ వంటింట్లోంచి తొంగి చూసి "కట్టయిందా?" అని సైగ చేస్తుంది. లేదని చెయ్యి ఊపుతాను. కాసేపటికి అటువైపు నుంచి చిన్నగా వస్తుంది: "అది కాదు నాయనా..."