మస్తాన్ ఎడమపక్క

ఇరవై ఏళ్ళ పైచిలుకుగా ఒక్క "లేదు" అనే మాటను మోస్తున్నాను. ఒక తల్లి అడిగినదానికి నేను చెప్పిన జవాబు అది. అబద్ధం. నా భార్యకు కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీతో చెప్పగలుగుతున్నాను. పేరు మాత్రం అడక్కండి. అంత ధైర్యమున్నవాణ్ణయితే అప్పుడే చెప్పి ఉండేవాణ్ణి.

రెండువేల సంవత్సరం దాటిన కొత్త. అనంతపురంలో ఇంటర్ చదువుతున్నాం. నా స్నేహితుడు మస్తాన్ వాళ్ళకు పరుపుల అంగడి ఉండేది. అంగడి వెనక గదిలో ఒక టీవీ, వాళ్ళ మామ కువైట్ నుంచి తెచ్చిన వీడియో గేమ్ పెట్టె. నలుగురం ఒకేసారి ఆడవచ్చు. టీవీ తెర నాలుగు ముక్కలవుతుంది. ఒక్కో ముక్కలో ఒక్కొక్కరికి తన తుపాకీ, తన ముందున్న దారి కనిపిస్తాయి. ఒకరినొకరు వెతికి కాల్చుకోవడమే ఆట. కుట్టడం పూర్తికాని పరుపుల మీద కూలబడి, మధ్యాహ్నం కరెంటు ఉన్నంతసేపూ కాల్చుకునేవాళ్ళం.

మాకు ఒకటే నియమం. ఎవరి ముక్క వాళ్ళే చూసుకోవాలి. పక్కవాడి ముక్కలోకి చూస్తే వాడెక్కడున్నాడో తెలిసిపోతుంది. అది దొంగచూపు. దొరికినవాడికి మూడు మొట్టికాయలు, వారం దాకా ఆట బంద్.

నేను చూసేవాణ్ణి. రోజూ. మామూలుగా ఆడి మస్తాన్‌ను ఓడించడం నా వల్ల కాలేదు మరి. చదువులో, ఆటలో, మాటలో వాడు నాకంటే ఒక మెట్టు పైనే. వాడంటే ప్రేమ ఉండేది, కడుపుమంటా ఉండేది. రెండూ నిజమే.

మే నెలలో ఒకరోజు వాడి ముక్కలోకి చూస్తుంటే ఒక వింత కనపడింది. నా బొమ్మ వాడి ముక్కలో ఎడమ అంచున నిలబడి ఉంది. స్పష్టంగా. వాడు కాల్చలేదు. నేను కదలకుండా నిలబడ్డాను. అయినా కాల్చలేదు. ఒకడుగు కుడికి జరిగానో లేదో, కాల్చి పడేశాడు. మళ్ళీ ఎడమ నుంచి వచ్చాను. ఈసారీ వాడు నన్ను చూడలేదు. ఆ రోజు మొదటిసారి మస్తాన్‌ను ఓడించాను.

పరధ్యానంలో ఉన్నాడేమో అనుకున్నానా? అలా అనుకున్నానని చాలా ఏళ్ళు నాకు నేనే చెప్పుకున్నాను. మరి మర్నాడు నేను చేసిన పనికి ఏం పేరు పెట్టాలి? వాడి ఎడమపక్కన కూర్చుని, గుప్పెట్లో బొరుగులు పట్టుకుని, మాట్లాడకుండా చెయ్యి వాడి భుజం దగ్గరికి చాపి ఉంచాను. వాడు తిరగలేదు. బొరుగులంటే వాడికి ప్రాణం. చేతిని మెల్లగా ముందుకు తెస్తూ పోయాను. దాదాపు ముక్కుకెదురుగా వచ్చాక ఉలిక్కిపడి, నవ్వి, సగం లాక్కుని తిన్నాడు. పరధ్యానం అనుకున్నవాడు అలాంటి పరీక్ష పెడతాడా?

వాడి కళ్ళు ఎప్పుడూ ఎర్రగా ఉండేవి. దూది దుమ్ము అనేవాళ్ళు అందరూ. దురద పుడితే మెడికల్ షాపులో ఇచ్చిన చుక్కల మందు వాళ్ళమ్మ వేసేది. వెంటనే తగ్గేది. సీసా అయిపోతే అదే మందు మళ్ళీ తెప్పించేది.

చెప్పొచ్చు కదా, "రేయ్, నీకు ఎడమపక్క కనపడటం లేదు" అని? చెబితే, నీకెట్లా తెలుసు అంటాడు. నీ ముక్కలోకి చూశాను అని ఒప్పుకోవాలి. మొట్టికాయలకు భయపడ్డానా? అదొక్కటే అయితే ఎంత బాగుండేది! నేను గెలుస్తున్నాను. ఐదు నెలలు గెలిచాను, ప్రతిసారీ ఎడమ నుంచే వచ్చి, పక్కనే కూర్చున్న స్నేహితుడి చూపు ఎంతెంత తగ్గుతోందో ఆటలో కొలుచుకుంటూ, ఓడిన వాడే నా భుజం తట్టి మెచ్చుకుంటుంటే సిగ్గులేకుండా మురిసిపోతూ గెలిచాను.

దసరా సెలవుల్లో పరుపు కుడుతుంటే దబ్బనం వాడి ఎడమ అరచేతిలో దిగింది. చెయ్యి కనపడలేదన్నాడట. అప్పుడు బెంగళూరు తీసుకుపోయారు. ఆ చుక్కల మందు నెలల తరబడి వాడినందువల్ల కళ్ళలో ఒత్తిడి పెరిగి నరాలు దెబ్బతిన్నాయన్నారు. పోయిన చూపు రాదన్నారు. నాలుగైదు నెలల ముందు తెచ్చి ఉంటే కుడికన్నైనా నిలబడేదన్నారు.

తిరిగొచ్చారని తెలిసి చూడటానికి పోతే, వాళ్ళమ్మ నన్ను వాకిట్లోనే ఆపింది.

"దినామూ వాని పక్కనే కూచుంటాంటివి కదప్పా. నీకేమన్నా తేడా కనపడిందా?"

"లేదు పిన్నమ్మా."

"కొంచెం గూడా?"

"లేదు."

ఆమె తల ఊపింది. "నీకెట్ల తెలుస్తాదిలే, పిల్లోనివి. కన్నదాన్ని, నాకే తెలీకపాయ. నా చేత్తో నేనే ఏసి పోగొట్టినా."

అప్పుడైనా చెప్పాల్సింది. చెబితే చూపు తిరిగొచ్చేదా అంటే, రాదు. ఈ వాదన ఇన్నేళ్ళూ నాకు బాగా అక్కరకొచ్చింది. కానీ ఆమె మోస్తున్నదాంట్లో సగం నాది. ఆ సగం కూడా ఆమె నెత్తిన పెట్టి, ఇచ్చిన టీ తాగి ఇంటికొచ్చాను.

మస్తాన్‌కు ఇప్పుడు వెలుతురు మాత్రమే తెలుస్తుంది. అంగడి వాడే నడుపుతున్నాడు. దూది చేత్తో తడిమి రకం చెప్పేస్తాడు. ఎవరైనా కొత్తవాళ్ళొస్తే నా చెయ్యి పట్టుకుని, "నన్ను ఓడిచ్చినోడు ఈడొక్కడే" అంటాడు గొప్పగా. నేను నవ్వుతాను. ఇంకేం చెయ్యను?

పోయిన నెల వాళ్ళింటికి వెళ్ళాను. మస్తాన్ కూతురికి కళ్ళకలక. డాక్టరు రాసిచ్చిన చుక్కలు వెయ్యమని మస్తాన్ భార్య అత్తకు సీసా అందించింది. ఆ ముసలావిడ రెండు చేతులూ కొంగులో దాచేసుకుంది. "నా చేత్తో వద్దమ్మా" అంది. చివరికి కోడలే వేసింది. నేను చూస్తూ కూర్చున్నాను.

ఆ చేతులు చూశాక ఇది రాయకుండా ఉండలేకపోయాను. ఆమె ముందు నిలబడి చెబుతానా? చెబుతానని మాటివ్వలేను, నా మాట మీద నాకే నమ్మకం లేదు. క్షమించమని అడగడానికి కూడా నోరు రాదు. ఇన్నేళ్ళలో ఒక్కసారైనా, కాగితం మీదైనా, ఆమె అడిగినదానికి నిజం చెబితే చాలనిపించింది. రాస్తుంటే ఊపిరి కాస్త ఆడుతోంది.

కనపడింది పిన్నమ్మా. మే నెలలోనే కనపడింది.